హీమోఫిలియాలో బ్లీడ్ అయితే: ఎక్కడ అయిందో చూసి ఏం చేయాలి, ఏది ముందు చేయాలి

మావాడికి సివియర్ హీమోఫిలియా ఎ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఒంట్లో దాదాపు లేని జబ్బు. బ్లీడ్ అయితే ఆ ఫ్యాక్టర్‌నే మందుగా నరంలోకి ఎక్కిస్తారు. ఇప్పుడు పదో తరగతి. వారంలో కనీసం ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "మోకాలు వాచింది, ఏం చేయాలి?", "ముక్కులోంచి రక్తం ఆగట్లేదు, ఫ్యాక్టర్ వేయించాలా?", "తలకి తగిలింది కానీ బాగానే ఆడుకుంటున్నాడు, ఆసుపత్రికి వెళ్లాలా?" ప్రతిసారీ ఫోన్‌లో హడావుడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇందులో ఉన్న అంకెలు మీ హెమటాలజిస్టుకి చూపించి, మీ పిల్లాడికి సరిపోయేలా కార్డు మీద రాయించుకోండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు లెక్కలు తలకెక్కవు, కార్డు ఉంటే చూసి చదివితే చాలు.

ఒక్క మాట మాత్రం మొదటే చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది: అనుమానం వచ్చిందంటే ముందు ఫ్యాక్టర్, తర్వాతే ఎక్స్‌రే, స్కానింగ్, పెద్ద డాక్టరు, మిగతావన్నీ.

1. బ్లీడ్ రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

రాత్రి పదకొండింటికి బ్లీడ్ అయ్యాక ఫైల్ వెతుక్కోవడం మొదలుపెడితే గంట అక్కడే పోతుంది. ఒక సంచి విడిగా పెట్టి, ఇంట్లో అందరికీ అది ఎక్కడుందో తెలిసేలా ఉంచండి.

☐ హీమోఫిలియా కార్డు: ఎ రకమా, బి రకమా, ఒంట్లో ఫ్యాక్టర్ ఎంత శాతం, బ్లడ్ గ్రూపు, ఇన్హిబిటర్ (ఎక్కించిన ఫ్యాక్టర్‌ని పనిచేయనివ్వకుండా ఒంట్లో తయారయ్యేది) ఉందా లేదా
☐ డాక్టరు సంతకంతో ఒక పేజీ లెటర్: "తలకి దెబ్బ తగిలితే ఇన్ని యూనిట్లు వెంటనే ఇవ్వండి" అని స్పష్టంగా
☐ పిల్లాడి బరువు, మూడు నెలలకోసారి దిద్దుకుంటూ
☐ ఇంట్లో ఫ్యాక్టర్ ఉంటే కనీసం ఒక పెద్ద డోసు, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య (డీప్ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే పనికిరాదు)
☐ ప్రయాణానికి థర్మోకోల్ డబ్బా, ఐస్ ప్యాక్‌లు
☐ 23 లేదా 25 గేజ్ బటర్‌ఫ్లై సూదులు, సిరంజిలు, స్పిరిట్ దూది, ప్లాస్టర్
☐ ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు (కట్టిన రక్తం గడ్డ కరగకుండా ఆపేవి), పారాసెటమాల్
☐ క్రేప్ బ్యాండేజీ, గాజుగుడ్డ
☐ బ్లీడ్ల నోట్‌బుక్, పెన్ను

మీకు దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్యాక్టర్ ఉచితంగా ఇస్తారో, రాత్రిపూట కూడా ఇస్తారా, ఏ వార్డులో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ పిల్లాడు బాగున్న రోజే ఒకసారి వెళ్లి కనుక్కోండి. నవ్వకండి, ఆ తాళం సంగతి తెలియక మేం ఒక రాత్రంతా క్యాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చున్నాం.

2. డోసు లెక్క, మీకూ తెలిసి ఉండాలి

హీమోఫిలియా ఎ అంటే ఎనిమిదో ఫ్యాక్టర్ తక్కువ, బి అంటే తొమ్మిదో ఫ్యాక్టర్. కిలో బరువుకి ఒక యూనిట్ ఇస్తే రక్తంలో ఎనిమిదో ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది, తొమ్మిదోది సుమారు 1 శాతమే. లెక్క ఇలా వేయాలి:

ఎ రకం: బరువు × కావాల్సిన శాతం × 0.5
బి రకం: బరువు × కావాల్సిన శాతం × 1

20 కిలోల బాబుకి మోకాలి బ్లీడ్, 40 శాతం కావాలి అనుకుందాం. ఎ రకమైతే 20 × 40 × 0.5, అంటే 400 యూనిట్లు. బి రకమైతే 800. సీసాలు 250, 500, 1000 యూనిట్లలో వస్తాయి కాబట్టి 400 అవసరమైతే 500 సీసా మొత్తం ఎక్కించేయండి, మిగిలిన వంద పారబోయడం శుద్ధ దండగ.

ఎంత శాతం కావాలనేది బ్లీడ్ అయిన చోటుని బట్టి ఉంటుంది. ఎ రకానికి వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హీమోఫిలియా 2020 మార్గదర్శకాల్లో ఉన్నవి ఇవి:

☐ కీళ్లు, పైపై కండరాలు: 40–60
☐ తొడ మొదట్లో లోతుగా ఉండే సోయాస్ కండరం: 80–100
☐ తల, మెడ, గొంతు, పొట్ట లోపల: 80–100
☐ మూత్రంలో రక్తం: 50
☐ లోతుగా తెగిన గాయం: 50

బి రకానికి పెద్ద బ్లీడ్లలో 60–80 శాతం. ఫ్యాక్టర్ తక్కువగా దొరికే చోట కీళ్లకి 10–20 శాతంతో కూడా నడిపిస్తారని అదే మార్గదర్శకాల్లో ఉంది, అందుకే కీలు బ్లీడ్‌కి ప్రభుత్వ ఆసుపత్రిలో డోసు కొంచెం తక్కువ ఇచ్చినంత మాత్రాన అది తప్పని గొడవపడకండి. తల విషయంలో మాత్రం గట్టిగా అడగండి.

ఇంకోటి. ఎనిమిదో ఫ్యాక్టర్‌లో సగం 8 నుంచి 12 గంటల్లోనే అయిపోతుంది, తొమ్మిదోది 18 నుంచి 24 గంటల్లో. "పొద్దున వేశారుగా" అని రెండు రోజులు ఊరుకోవడం కుదరనిది అందుకే.

3. ఫ్యాక్టర్ కలపడం, ఎక్కించడం

ఇంట్లో వేయడం ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకున్నాకే మొదలుపెట్టాలి. బి రకం సివియర్ ఉన్న చిన్నపిల్లలకి మొదటి పది ఇరవై డోసులు ఆసుపత్రిలోనే వేయించండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడని రియాక్షన్ రావచ్చు.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మీద పేరు, ఎనిమిదా తొమ్మిదా, ఎక్స్‌పైరీ చూడండి.
2. పొడి సీసా, కలిపే నీళ్ల సీసా రెండూ ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానివ్వండి. వేడినీళ్లలో పడేయొద్దు.
3. నీళ్ల మందుని పొడి సీసా గోడ మీదుగా వదలండి. ఊపొద్దు. అరచేతుల మధ్య మెల్లగా తిప్పండి. దగ్గు మందులా గిలక్కొడితే నురగొచ్చి మందు పాడవుతుంది.
4. ప్యాకెట్‌లో ఇచ్చిన ఫిల్టర్‌తోనే సిరంజిలోకి లాగండి.
5. నరంలోకి మెల్లగా ఎక్కించండి. పెద్దవాళ్లకి నిమిషానికి 3 మి.లీ. దాటకూడదు, పిల్లలకి ఇంకా మెల్లగా.
6. సూది తీశాక కనీసం 5 నిమిషాలు నొక్కి పట్టుకోండి. చెయ్యి మడిచి దూది ఇరికించడం కాదు, వేలితో నొక్కాలి.
7. సీసా మీది స్టిక్కర్ పీకి నోట్‌బుక్‌లో అతికించండి. తేదీ, టైము, ఎక్కడ బ్లీడ్, ఎన్ని యూనిట్లు.

కలిపిన మందు ఎంతసేపు నిలవుంటుందో ప్యాకెట్ కాగితం మీద ఉంటుంది, చాలా వాటికి మూడు గంటలే. నరం దొరకలేదని కలిపిన మందుని రేపటికి దాచొద్దు.

4. కీళ్ల బ్లీడ్: మోకాలు, మోచేయి, చీలమండ

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే, మనం ఎక్కువగా ఆలస్యం చేసేదీ ఇక్కడే. వాపు కనిపించాక ఫ్యాక్టర్ వేయిద్దాం అనుకుంటాం. వాపు వచ్చిందంటే కీలు అప్పటికే రక్తంతో నిండిపోయిందన్నమాట.

వాపుకి ముందే పిల్లలకి తెలుస్తుంది. "లోపల జివ్వుమంటోంది", "గోరువెచ్చగా ఉంది", "ఏదో పట్టేసినట్టుంది" అంటారు. మాటలు రాని పిల్లలైతే ఆ కాలు మోపరు, ఆ చేత్తో బొమ్మ అందుకోరు. అదే మీకు సిగ్నల్.

1. జివ్వుమన్న దగ్గర్నుంచి రెండు గంటల్లోపు ఫ్యాక్టర్ పడేలా చూడండి. ఆలస్యమైనా వేయించాల్సిందే, కానీ ఎంత త్వరగా పడితే అంత తక్కువ డోసులతో తెమిలిపోతుంది.
2. ఆ కీలుకి పూర్తి విశ్రాంతి. కాలైతే నడిపించొద్దు, ఎత్తుకోండి లేదా చంకకర్రలు వాడండి.
3. ఐస్‌ని తువ్వాల్లో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. ఐస్ ముక్క నేరుగా చర్మం మీద వద్దు.
4. క్రేప్ బ్యాండేజీ వదులుగానూ కాదు, బిగుతుగానూ కాదు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పండి.
5. కాలు కింద దిండు.
6. నొప్పికి పారాసెటమాల్.

12 నుంచి 24 గంటల్లో నొప్పి తగ్గకపోతే రెండో డోసు అవసరమవుతుంది, డాక్టరుకి ఫోన్ చేయండి. సరిపడా ఫ్యాక్టర్ పడి కూడా మూడు రోజులకి తగ్గలేదంటే, లేదా జ్వరం వచ్చి కీలు ఎర్రగా కాలిపోతోందంటే, ఇన్హిబిటర్ టెస్టు, కీలులో ఇన్ఫెక్షన్, ఎముక విరగడం, ఈ మూడూ చూడమనాలి.

నొప్పి, వాపు తగ్గడం మొదలవగానే కీలుని మెల్లగా కదిలించాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. మోకాలు వంచి పెట్టుకున్నంతసేపు హాయిగా ఉంటుంది, అలాగే నెలరోజులు ఉంటే తర్వాత చాపలేరు. మొదట కదలకుండా తొడ కండరాన్ని బిగించి వదలడం, తర్వాత పిల్లాడు తనంతట తాను వంచడం, చాపడం. వేరేవాళ్లు బలవంతంగా వంచకూడదు. ఫిజియోథెరపిస్టుకి కూడా హీమోఫిలియా అని ముందే చెప్పండి.

పెద్దవాళ్లకి ఒక తికమక ఉంటుంది: ఇది బ్లీడా, పాత కీళ్ల అరుగుదలా? పొద్దున్నే బిగుసుకుపోయి నడిచేకొద్దీ వదులైతే అది చాలావరకు అరుగుదల. కదిలేకొద్దీ, గంట గడిచేకొద్దీ పెరుగుతుంటే బ్లీడ్. తేల్చుకోలేకపోతే బ్లీడే అనుకోండి.

5. కండరాల బ్లీడ్, ముఖ్యంగా సోయాస్

తొడ ముందు భాగం, పిరుదులు, చేతి కండరాలకి కీళ్లకి చెప్పినట్టే. రెండు చోట్ల మాత్రం ఆగకూడదు.

మొదటిది ముంజేయి, పిక్క. అక్కడ లోపల చోటు తక్కువ. రక్తం నిండితే నరాలు నలిగిపోతాయి. వేళ్లలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి కనిపిస్తే అదే ఎమర్జెన్సీ. ఫ్యాక్టర్ వేసి అప్పుడే ఆసుపత్రికి.

రెండోది సోయాస్. పొత్తికడుపు పక్కన లేదా గజ్జలో నొప్పి, తుంటి ముడుచుకుని పడుకుంటాడు, కాలు చాపమంటే కేకలు. కుడివైపు వస్తే అచ్చం అపెండిక్స్ లాగే ఉంటుంది. మావాడికి తొమ్మిదేళ్లప్పుడు ఇదే జరిగింది. ఒక ఆసుపత్రిలో అపెండిక్స్ అని సంతకం పెట్టమన్నారు. ముందు ఫ్యాక్టర్, తర్వాత అల్ట్రాసౌండ్ అని మేం మొండికేసి కూర్చున్నాం కాబట్టి పొట్ట కోయకుండా బయటపడ్డాం.

సోయాస్‌కి పెద్ద డోసు కావాలి, మంచం మీద పూర్తి విశ్రాంతి కావాలి. బాత్‌రూమ్‌కి కూడా నడిపించొద్దు. నొప్పి పోయింది కదా అని నాలుగో రోజు బడికి పంపితే మళ్లీ బ్లీడ్ అవుతుంది. స్కాన్‌లో తగ్గిందని చూశాక, ఫిజియోతో మెల్లగా మొదలుపెట్టాలి.

6. తల, మెడ, గొంతు, కన్ను, పొట్ట

ఈ ఐదింటికీ ఇంట్లో చూద్దాం, పొద్దున వెళ్దాం అనే మాటే లేదు.

తలకి గట్టిగా తగిలిందంటే, పిల్లాడు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఇంట్లో ఫ్యాక్టర్ ఉంటే పెద్ద డోసు (20 కిలోల ఎ రకం బాబుకి 1000 యూనిట్లు) వేసి బయల్దేరండి. లేకపోతే 108కి ఫోన్ చేస్తూనే బయల్దేరండి. లోపల రక్తం మెల్లగా కారుతుంటే లక్షణాలు మర్నాడు కూడా రావచ్చు. దెబ్బే తగలకుండా ఆగని తలనొప్పి, వాంతులు, మత్తు, ఫిట్స్, మాట తడబడటం, చెయ్యో కాలో బలహీనపడటం కనిపించినా ఇదే వరుస.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుతో సుత్తి లేకుండా ఇలా చెప్పండి: "సార్, సివియర్ హీమోఫిలియా ఎ. తలకి దెబ్బ. బరువు ఇంత. ముందు ఇన్ని యూనిట్లు ఎనిమిదో ఫ్యాక్టర్ వేయండి, తర్వాత సీటీకి పంపండి. ఇదిగో లెటర్." స్కానింగ్ క్యూలో గంటన్నర కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. తలలో బ్లీడ్ అని తేలితే వైద్యం రెండు మూడు వారాల దాకా సాగుతుంది.

మెడ వాపు, గొంతులో అడ్డుపడినట్టు ఉండటం, మింగలేక చొంగ కారడం, గొంతు మారడం ఉంటే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

తారులా నల్లటి విరోచనం, కాఫీ పొడిలాంటి వాంతి వస్తే పొట్టలో బ్లీడ్. (ఐరన్ మాత్రలు వాడినా విరోచనం నల్లగా వస్తుంది, అది డాక్టరుకి చెప్పండి.) కంటికి దెబ్బ తగిలితే ఫ్యాక్టర్ వేయించాకే కంటి డాక్టరు దగ్గరికి.

7. ముక్కు, నోరు

ముక్కుకి: కూర్చోబెట్టి తల కొంచెం ముందుకి వంచండి. ముక్కు మెత్తటి భాగాన్ని 10–15 నిమిషాలు వదలకుండా నొక్కండి, నోటితో ఊపిరి తీసుకోమనండి. మధ్యలో ఆగిందా లేదా అని తెరిచి చూడొద్దు. తల వెనక్కి వాల్చి నెత్తిన నీళ్లు పోయడం మన ఊళ్లలో అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోతుంది, మింగి వాంతి చేసుకుంటారు, ఎంత పోయిందో మనకి తెలియదు. అరగంటకీ ఆగకపోతే ఫ్యాక్టర్ కావాలి.

నోటికి: పాలపళ్లు ఊడినా, నాలుక కొరుక్కున్నా, తడి గాజుగుడ్డతో నొక్కండి. లాలాజలం గడ్డని కరిగించేస్తుంది, అందుకే నోటి బ్లీడ్ ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ ట్రానెగ్జామిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది. మామూలుగా కిలోకి 25 మి.గ్రా. వరకు, రోజుకి మూడుసార్లు ఇస్తారు, ఎన్ని రోజులో డాక్టరు చెబుతారు. 500 మాత్రని 10 మి.లీ. నీళ్లలో కలిపి పుక్కిలించవచ్చు, ఆ నీళ్లలో తడిపిన గాజుగుడ్డ కొరికి పట్టుకోమనవచ్చు. రెండు మూడు రోజులు వేడి అన్నం, కారాలు, మురుకులు బంద్. చల్లటి పెరుగన్నం, ఐస్‌క్రీమ్. ఈ ఒక్క బ్లీడ్ మాత్రం మావాడికి ఇష్టం.

పన్ను పీకించాలంటే హెమటాలజిస్టు, పళ్ల డాక్టరు ముందు మాట్లాడుకోవాలి.

8. మూత్రంలో రక్తం

ఎర్రగా చూసి గాబరా పడతాం, కానీ నొప్పి లేకపోతే మొదట చేయాల్సింది విశ్రాంతి, రెండు రోజులు బాగా నీళ్లు తాగించడం. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరుని అడగాలి. నొప్పి ఉన్నా, గడ్డలు పడుతున్నా, రెండు రోజులకీ తగ్గకపోయినా ఫ్యాక్టర్.

ఇక్కడ ట్రానెగ్జామిక్ యాసిడ్ అసలు వేయకూడదు. మూత్రనాళంలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నోటికి పనిచేసిన మాత్రే కదా అని చాలామంది చేసే తప్పు ఇది.

9. తెగిన గాయాలు, కమిలిన మచ్చలు

చిన్న గీతకి కడిగి, పది నిమిషాలు నొక్కి, ప్లాస్టర్ వేస్తే చాలు. కాఫీ పొడి, పసుపు కుక్కొద్దు. కుట్లు పడాలంటే కుట్లకి ముందు ఫ్యాక్టర్, విప్పేటప్పుడు కూడా ఫ్యాక్టర్. నొప్పి లేని, పెరగని నీలి మచ్చలకి ఫ్యాక్టర్ అక్కర్లేదు. పెన్నుతో అంచు గీసి పెట్టుకోండి, గీత దాటితే ఫోన్ చేయండి.

పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం, సున్తీ లాంటివి ఉంటే డాక్టరుతో మాట్లాడాకే ముహూర్తం పెట్టుకోండి. గుండుకి కత్తి బదులు ట్రిమ్మర్ అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

10. ఇన్హిబిటర్ ఉన్నా, ఎమిసిజుమాబ్ వాడుతున్నా

ఇన్హిబిటర్ ఎక్కువగా ఉంటే మామూలు ఫ్యాక్టర్ పనిచేయదు. వాళ్లకి ఇన్హిబిటర్ ఉన్నా రక్తం గడ్డకట్టించే వేరే మందులు, ఫ్యాక్టర్ సెవెన్-ఎ (కిలోకి 90 మైక్రోగ్రాములు, రెండు మూడు గంటలకోసారి) లేదా ఫీబా ఇస్తారు. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో కార్డు మీదే రాసుకోండి.

ఎమిసిజుమాబ్ ఎ రకానికి మాత్రమే, అది బ్లీడ్ రాకుండా వేసే ఇంజెక్షన్. బ్లీడ్ అయ్యాక ఇంకోటి వేస్తే ఆగదు, ఫ్యాక్టరే కావాలి. ఇది వాడేవాళ్లకి ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము చూసే) టెస్టు నార్మల్‌గా వస్తుంది, ఆ రిపోర్టు చూసి "రక్తం బాగానే గడ్డకడుతోంది" అని పంపించేస్తారు, నమ్మకండి. ఇన్హిబిటర్ ఉండి ఎమిసిజుమాబ్ వాడేవాళ్లకి ఫీబా ఎక్కువ డోసుల్లో ఇస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది, కాబట్టి వాళ్లకి ముందు సెవెన్-ఎ. ఈ వాక్యం కార్డు మీద ఎర్ర పెన్నుతో ఉండాలి.

11. ఫ్యాక్టర్ దొరక్కపోతే

ఎ రకానికి బ్లడ్ బ్యాంకులో క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మాలోంచి తీసేది, క్రయో అంటారు) అడగండి. ఒక సంచిలో దాదాపు 70–80 యూనిట్లు ఉంటాయి, అంటే 400 యూనిట్లకి ఐదారు సంచులు. బి రకానికి క్రయో దండగ, అందులో తొమ్మిదో ఫ్యాక్టర్ ఉండదు. వాళ్లకి ప్లాస్మా ఎక్కించాలి. మైల్డ్ ఎ రకం ఉండి, ముందే టెస్టు చేసి పనిచేస్తుందని తేలినవాళ్లకి డెస్మోప్రెసిన్ (ఒంట్లో ఉన్న ఎనిమిదో ఫ్యాక్టర్‌నే పెంచే మందు) కూడా ఒక దారి.

12. ఎక్కువగా జరిగే తప్పులు

పిరుదుకి ఇంజెక్షన్. జ్వరానికో నొప్పికో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ముందు సూది తీస్తాడు. మావాడికి నాలుగేళ్లప్పుడు అలా వేసిన ఒక్క సూదికి తొడ దాకా గడ్డ కట్టి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కండకి ఇంజెక్షన్ వద్దు. టీకాలు చర్మం కింద వేయొచ్చేమో అడగండి.

నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. పారాసెటమాల్ ఉన్నంత మాత్రాన ప్రతి మాత్రా మంచిదని కాదు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ కూడా ఉంటుంది, అలాగే ఎసిక్లోఫెనాక్ కలిపినవి చాలా ఉన్నాయి. స్ట్రిప్ వెనక చదవండి.

కాపడం, మాలిష్, నాటు కట్టు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. "అత్తయ్యా, వేడి పెడితే రక్తం ఇంకా కారుతుంది" అని బ్లీడ్ లేని రోజున కూర్చోబెట్టి చెప్పండి, ఆ రోజు వింటారు.

ఒక డోసుతో ఆపేయడం. నొప్పి పోవడం వేరు, రక్తం పూర్తిగా ఆగడం వేరు. చెప్పినన్ని రోజులు వేయించండి.

పిల్లాడు దాచడం. తిడతారని, క్రికెట్ మాన్పిస్తారని చెప్పరు. బ్లీడ్ అయిందని చెప్పిన రోజు తిట్టకండి, ఎలా తగిలిందని ఆరా తీయడం సూది పడ్డాక చూసుకోవచ్చు. స్కూల్లో పీఈటీ సారుకి, క్లాస్ టీచరుకి ఈ పేజీలో తల గురించి రాసిన భాగం ప్రింట్ తీసి, మీ ఫోన్ నంబరు పైన రాసి ఇవ్వండి.